వెక్కిరింతకు విలువెంత? ఆటగాళ్ళ ఉత్తుత్తి ఉద్యమాలపై ఒక సమీక్ష

ధర్నాలో హాస్యం తెలుగువాళ్ళకు కొత్త కాదు. ఏ పేపరు జిల్లా పేజీలు తిరగేసినా ఏదో ఒకటి కనబడుతూనే ఉంటుంది: దున్నపోతుకు వినతిపత్రం, రోడ్డు గుంతల్లో వరినాట్లు, చెవిలో పువ్వులు, ఖాళీ కుర్చీకి పూలదండ. సమ్మె శిబిరంలో ఇవాళ వంటావార్పు, రేపు మోకాళ్ళ మీద నడక. చిత్తూరు ఎంపీగా ఉన్న నారమల్లి శివప్రసాద్ ఈ విద్యను పార్లమెంటు ఆవరణ దాకా తీసుకెళ్ళారు. స్వతహాగా నటుడు కాబట్టి, 2018లో ప్రత్యేక హోదా కోసం ఒకరోజు నారదుడిగా, ఇంకోరోజు హిట్లర్‌గా వేషం కట్టి వచ్చారు. ఫొటోలు దేశమంతా పడ్డాయి. హోదా రాలేదు.

ఆన్‌లైన్ ఆటలాడే జనం ఇరవై ఏళ్ళకు పైగా ఇదే పని చేస్తున్నారు. కంపెనీ ధర పెంచిందనో, నచ్చని మార్పు తెచ్చిందనో వాళ్ళకు మండుతుంది. మామూలుగా చెబితే వినేవాడు ఉండడు. అందుకని వేషాలు వేస్తారు, కేకులు పంపుతారు, పగలని విగ్రహం మీద తుపాకులు పేలుస్తారు, చివరికి ఉద్యమం అనేదాన్నే ఎకసెక్కం చేసి వదులుతారు. చూసేవాళ్ళకు ఇదంతా పనీపాటా లేని వ్యవహారం. అయినా వీటిలో కొన్ని పెద్ద పెద్ద కంపెనీలను దిగొచ్చేట్టు చేశాయి. చాలావాటికి మాత్రం ఎవరికీ చీమ కుట్టినట్టయినా లేదు. తేడా ఎక్కడుంది?

గూడూరుకీ నెల్లూరుకీ మధ్య, చెన్నై–కోల్‌కతా హైవే పక్కన ఉన్న మనుబోలులో కూర్చుని ఈ లెక్క తేల్చడానికి కారణం ఉంది. ఇక్కడ ఆటంటే కంప్యూటరు కాదు, ఫోను. సాయంత్రమైతే టీ కొట్టు బల్లల మీద నలుగురేసి కుర్రాళ్ళు ఫోన్లు అడ్డంగా పట్టుకుని కూర్చుంటారు. 2020 నుంచి 2022 దాకా వాళ్ళ ఆటలు మూడుసార్లు మాయమయ్యాయి. మూడుసార్లూ వాళ్ళు జోకులేశారు. ఒక్కసారీ వాళ్ళ జోకు వల్ల ఆట తిరిగి రాలేదు. ఎక్కడో అమెరికాలో ఆటగాడి నవ్వుకున్న పలుకుబడి వీళ్ళ నవ్వుకు ఎందుకు లేదన్నదే అసలు ప్రశ్న.

ఆట లోపలి ధర్నాలు

ముందు ఆటలోనే జరిగిన ధర్నాల సంగతి. సెకండ్ లైఫ్ అనే కాల్పనిక లోకంలో 2003 నాటికి, కట్టుకున్న ప్రతి వస్తువు మీదా పన్ను పడేది. అమెరికా కట్టడాల నమూనాలు పెద్ద ఎత్తున కడుతున్న ఒక బృందానికి ఆ పన్ను మోయలేని బరువైంది. వాళ్ళు గొడవకు దిగకుండా 1773 నాటి బోస్టన్ టీ పార్టీని నాటకంలా ఆడారు. ఎక్కడ చూసినా టీ పెట్టెల గుట్టలు పేర్చి, పన్నులతో చంపుతున్నారంటూ బోర్డులు పెట్టారు. ఆ ఏడాది చివరికల్లా దాన్ని నడిపే లిండెన్ ల్యాబ్ పాత పన్ను ఎత్తేసి, భూమి మీద రుసుముకు మారింది.

2007 సెప్టెంబరులో అదే లోకంలో మరో వింత జరిగింది. ఇటలీలో ఐబీఎం ఉద్యోగులకు జీతంలో కోత పడింది. వాళ్ళు సెకండ్ లైఫ్‌లో ఉన్న ఐబీఎం ఆఫీసుల ముందు బైఠాయించారు. దాదాపు ముప్పై దేశాల నుంచి సుమారు రెండువేల అవతారాలు వచ్చాయి. కొందరు పెద్ద పెద్ద అరటిపండ్ల రూపంలో వచ్చి ప్లకార్డులు పట్టుకున్నారు. కొన్ని వారాల్లో ఇటలీ శాఖ అధిపతి తప్పుకున్నారు, కోత పెట్టిన సొమ్ము మీద కొత్త ఒప్పందం కుదిరింది.

ఈవ్ ఆన్‌లైన్ ఆటలో 2011 జూన్‌లో, ఒంటికంటి అద్దానికి అరవై డాలర్ల పైచిలుకు ధర పెట్టారు. కళ్ళజోడు కూడా కాదు, ఒక కంటి అద్దం, అదీ తెర మీద బొమ్మకు. జీటా అనే వ్యాపార కేంద్రంలో వేలమంది ఓడలేసుకుని చేరి, అక్కడున్న స్మారకం మీద గంటల తరబడి కాల్పులు జరిపారు. ఆటలో దాన్ని పగలగొట్టడం కుదరదని వాళ్ళందరికీ తెలుసు. ఐస్‌లాండ్‌లోని సీసీపీ కంపెనీ ఆటగాళ్ళు ఎన్నుకున్న ప్రతినిధులను విమానంలో పిలిపించుకుని మాట్లాడింది. చందాలు తగ్గాయి. అక్టోబరుకల్లా కంపెనీ అధిపతి హిల్మార్ పేటుర్సన్ క్షమాపణ లేఖ రాశారు.

అన్నీ ఇలా సుఖాంతం కాలేదు. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో యోధుల పాత్రలను బలహీనం చేశారని 2005 జనవరిలో కొందరు మరుగుజ్జు పాత్రలను తయారుచేసి, ఒంటి మీద నూలుపోగు లేకుండా ఒక నగరంలో గుమిగూడారు. చూడ్డానికి నవ్వొచ్చే దృశ్యమే, కానీ సర్వర్ కుప్పకూలింది. తతిమ్మా ఆటగాళ్ళ ఆట ఆగిపోయింది. ఆట కంపెనీ బ్లిజార్డ్ నవ్వలేదు, పాల్గొన్నవాళ్ళ ఖాతాలు సస్పెండ్ చేసింది.

కేకులు, గుర్రపు పిల్లలు

రెండో రకం, ఆట బయట నుంచి చేసే వెటకారం. మాస్ ఎఫెక్ట్ మూడో భాగం 2012 మార్చిలో వచ్చింది. మూడు ఆటల పాటు తీసుకున్న నిర్ణయాలన్నీ చివరికి ఎరుపు, నీలం, ఆకుపచ్చ రంగుల తేడాగా మిగిలాయని అభిమానులు ఉడికిపోయారు. చందాలేసుకుని, కెనడాలో ఆ ఆట తయారుచేసిన బయోవేర్ ఆఫీసుకు సుమారు నాలుగు వందల కప్‌కేకులు పంపారు. మూడు రంగుల క్రీములు, లోపల అన్నిట్లోనూ ఒకటే వెనిల్లా. బయోవేర్ థ్యాంక్స్ చెప్పి ఆ కేకులను నిరాశ్రయ యువత కేంద్రానికి ఇచ్చేసింది. జూన్‌లో ముగింపును పొడిగించి, దాన్ని ఉచితంగా విడుదల చేసింది.

డయాబ్లో మూడో భాగం బొమ్మలు 2008లో బయటికి వచ్చినప్పుడు, నరకం ఇంత రంగులమయంగా ఉంటుందా అని వేలమంది సంతకాలు పెట్టారు. బ్లిజార్డ్ వాళ్ళ మాట వినలేదు గానీ, 2012లో ఆట వచ్చేసరికి అందులో ఒక రహస్య ప్రదేశం పెట్టింది: ఇంద్రధనుస్సులు, నవ్వే మబ్బులు, కొమ్ము గుర్రాలు. వెక్కిరించిన వాళ్ళను తిరిగి వెక్కిరించడమన్నమాట. ఆటగాళ్ళు అది చూసి పడీపడీ నవ్వారు.

లెఫ్ట్ ఫర్ డెడ్ రెండో భాగం త్వరగా తెస్తున్నారని 2009లో పెద్ద బహిష్కరణ సంఘమే పుట్టింది. వాల్వ్ కంపెనీ ఆ సంఘం నాయకులిద్దరినీ సొంత ఖర్చుతో తన ఆఫీసుకు రప్పించుకుని ఆట ఆడించింది. వాళ్ళు బాగుందన్నారు. అది చూసి ఆస్ట్రేలియాలో ఒక కుర్రాడు ఉత్తుత్తి ఫిర్యాదు ఎత్తుకున్నాడు: మీ ఆటకు నేను చేసిన మార్పును వాల్వ్ అధినేత గేబ్ న్యూవెల్ బహిష్కరిస్తున్నాడు, నేనూ ఆయనకు టికెట్ కొని ఇక్కడికి రప్పిస్తా అని. జనం టికెట్‌కు చందాలు పోగేశారు. న్యూవెల్ వెళ్ళనే వెళ్ళాడు.

ఇదే 2009 నవంబరులో కాల్ ఆఫ్ డ్యూటీ మోడర్న్ వార్‌ఫేర్ రెండో భాగం మీద బహిష్కరణ ప్రకటించిన సంఘం పరువు పోయింది. ఆట విడుదలైన రోజున ఆ సంఘం సభ్యుల జాబితాను ఎవరో ఫొటో తీశారు. చాలామంది పేర్ల పక్కన, బహిష్కరించామన్న ఆటనే ఆడుతున్నట్టు కనబడింది. బంద్ రోజున ముందు షట్టరు దించి వెనక తలుపులో అమ్మే కిరాణా కొట్టు వ్యవహారమే ఇదీ. కంపెనీకి ఇంతకంటే భరోసా ఏం కావాలి?

ఇటీవలి ఉదాహరణ హెల్‌డైవర్స్ రెండో భాగం. కంప్యూటర్‌లో ఆడేవాళ్ళు కూడా సోనీ ఖాతా తెరవాల్సిందేనని 2024 మే మొదట్లో ఆజ్ఞ వచ్చింది. ఆ ఖాతా దొరకని దేశాలు నూటికి పైగా ఉన్నాయి. ఆటలో సైనికుల్లా ప్రజాస్వామ్య నినాదాలిస్తూనే ఆటగాళ్ళు రెండు మూడు రోజుల్లో రెండు లక్షలకు పైగా చెడ్డ రివ్యూలు కుమ్మరించారు. సోనీ వెనక్కి తగ్గింది. రివ్యూలు పాతాళానికి దిగిన ఆ గ్రాఫునే పాత్రలు తొడుక్కునే వస్త్రం మీద డిజైనుగా వేస్తామని ఆట తయారుచేసినవాళ్ళే అన్నారు.

నవ్వు చేసే పని

ఈ కేసులన్నీ పక్కపక్కన పెడితే ఒక సంగతి తేలుతుంది. నవ్వు ఎవరి మెడా వంచలేదు. వంచింది నవ్వు వెనకున్న బలం: ఈవ్‌లో నెలనెలా కట్టే చందా, హెల్‌డైవర్స్‌లో డబ్బిచ్చి కొన్నవాడు వాపసు అడగగల హక్కు, ఐబీఎంలో కార్మిక సంఘం. ఆ బలం లేనిచోట మోడర్న్ వార్‌ఫేర్ బహిష్కరణకు పట్టిన గతే పట్టింది.

అయితే నవ్వుకు పనేమీ లేదనలేం. అది రెండు పనులు చేసింది. మొదటిది, జనాన్ని చేర్చింది. నిరాహారదీక్షకు రాని వాడు అరటిపండు వేషానికి వస్తాడు. రెండోది, ఇంకా ముఖ్యమైనది, ఎదుటివాడు పరువు పోకుండా దిగిరావడానికి మెట్టు వేసింది. బెదిరించినవాడికి లొంగితే నామోషీ. నవ్వించినవాడి మాట వింటే పెద్దమనసు. కేకులు పుచ్చుకుని థ్యాంక్స్ చెప్పిన బయోవేర్, ఓటమి గ్రాఫును బట్ట మీద వేస్తామన్న హెల్‌డైవర్స్ బృందం, ఆ మెట్టు మీదుగానే దిగాయి.

మన దగ్గర గురి తప్పిన బాణాలు

మనదేశంలో ఈ కథ వేరే దారి పట్టింది. 2018 చివర్లో, ఆటల వీడియోలతో పైకొచ్చిన ప్యూడీపై యూట్యూబ్ ఛానల్‌ను సబ్‌స్క్రైబర్ల సంఖ్యలో మన టీ-సిరీస్ దాటేయబోతోందని, ఆయన అభిమానులు ప్రపంచయుద్ధం స్థాయిలో ఉత్తుత్తి ఉద్యమం లేపారు. దాదాపు యాభైవేల ప్రింటర్లను హ్యాక్ చేసి, సబ్‌స్క్రైబ్ చేసుకోమని కాగితాలు అచ్చువేయించారు. మనవాళ్ళు దేశభక్తితో ఎదురుదాడి చేశారు. 2019 ఏప్రిల్‌లో టీ-సిరీస్‌ను వెక్కిరిస్తూ ఆయన చేసిన పాటలను మనదేశంలో ఆపమని ఢిల్లీ హైకోర్టు చెప్పింది. అంతకుముందు నెలలోనే న్యూజిలాండ్ మసీదుల్లో కాల్పులు జరిపిన హంతకుడు ప్యూడీపైకి సబ్‌స్క్రైబ్ చేసుకోమన్న ఆ నినాదాన్నే పలికాడు. ఏప్రిల్ 28న ప్యూడీపై తనే ఉద్యమం చాలించమని అభిమానులను వేడుకున్నాడు. జోకు ఎవరి చేతికైనా చేరుతుందనడానికి ఇంతకంటే చేదు సాక్ష్యం లేదు.

మనవాళ్ళకు బాగా అలవాటైన ఆయుధం ప్లే స్టోర్ స్టార్లు. 2017లో స్నాప్‌చాట్ అధిపతి భారత్‌ను పేదదేశం అన్నాడని ఒక ఆరోపణ వచ్చింది. కంపెనీ కాదంది. అయినా జనం ఒక్క స్టారు రేటింగులతో విరుచుకుపడ్డారు. పేరు దగ్గరగా ఉన్న పాపానికి మన స్నాప్‌డీల్‌కు కూడా దెబ్బలు తగిలాయి. 2020 మేలో, టిక్‌టాక్ వాళ్ళను వెక్కిరించిన యూట్యూబర్ క్యారీమినాటీ వీడియోను యూట్యూబ్ తీసేసిందని టిక్‌టాక్ రేటింగును నాలుగు పై నుంచి ఒకటిన్నర కిందికి లాగారు. వీడియో తీసేసింది యూట్యూబ్, తన్నులు తిన్నది టిక్‌టాక్. గూగుల్ ఎనభై లక్షల పైచిలుకు రివ్యూలు తుడిచేసి రేటింగును మళ్ళీ పైకి తెచ్చింది.

పబ్జీ ఆటను నిషేధించింది 2020 సెప్టెంబరు 2న, మరో 117 యాప్‌లతో కలిపి. ఆ వారం తమాషాగా గడిచింది. ఆగస్టు 30న మన్ కీ బాత్‌లో ప్రధాని మన ఏటికొప్పాక బొమ్మలను మెచ్చుకుని, మన సంస్కృతి మీద కంప్యూటర్ ఆటలు తయారుచేయమన్నారు. నీట్, జేఈఈ వాయిదా వేయలేదన్న కోపంలో ఉన్న విద్యార్థులు ఆ వీడియోకు డిస్‌లైకుల వర్షం కురిపించారు. మూడు రోజులకు పబ్జీ పోయింది. ఆ మర్నాడే, సెప్టెంబరు 3న, ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం ఆన్‌లైన్ రమ్మీ, పోకర్ల నిషేధానికి ఒప్పుకుంది. 2019 జనవరిలో ఒక తల్లి కొడుకు ఆటల గురించి మొరపెట్టుకుంటే, పబ్జీవాలానా అని ప్రధాని అడిగినప్పుడు కేరింతలు కొట్టిన కుర్రకారుకు ఈసారి నవ్వు సగమే వచ్చింది.

ఆ రోజుల్లో మన కుర్రాళ్ళ ఫోన్లలో తిరిగిన ఒక బొమ్మ చూశాను. నెల్లూరు జిల్లాలో కరెంటు స్తంభాలకు కట్టే అశ్రునివాళి ఫ్లెక్సీ నమూనా. అటో దీపం ఇటో దీపం, మధ్యలో పబ్జీ హెల్మెట్ మనిషి. జననం 2018, మరణం 2020. కింద, ‘పెద్దకర్మ తేదీ తర్వాత తెలియజేయబడును. ఇట్లు, తోటి స్క్వాడ్ సభ్యులు.’ చక్కని హాస్యం. కానీ అది ఎవరికి రాసిన అర్జీ? చదివేవాళ్ళంతా కూడా ఏడ్చేవాళ్ళే.

ఆట మళ్ళీ వచ్చిన తీరు చూస్తే సంగతి తెలుస్తుంది. కొరియా కంపెనీ క్రాఫ్టన్ చైనా కంపెనీ టెన్సెంట్‌ను మనదేశపు వ్యవహారాల నుంచి తప్పించింది. పదికోట్ల డాలర్ల పెట్టుబడి పెడతానంది. 2021 జులైలో ఆటను బీజీఎంఐ పేరుతో సొంతంగా తెచ్చింది. మైనర్లకు రోజుకు మూడు గంటల పరిమితి, ఏడువేల ఖర్చు పరిమితి పెట్టింది. రక్తాన్ని ఆకుపచ్చగా మార్చింది, చంపడానికి ‘ఫినిష్’ అని పేరు పెట్టింది. చైనాలో అయితే 2019లోనే, చచ్చిన పాత్ర చెయ్యూపి టాటా చెప్పి మరీ పోయేట్టు మార్చారు. ఏ మీమూ ఈ బేరంలో లేదు. 2022 జులైలో బీజీఎంఐ కూడా పోయి, 2023 మేలో మూడు నెలల పరిశీలన షరతు మీద తిరిగొచ్చినప్పుడూ అంతే.

టీ కొట్టు బల్ల దగ్గర

2022 ఫిబ్రవరి 14న ఫ్రీ ఫైర్ నిషేధమైంది. ప్రేమికుల రోజు కావడంతో బ్రేకప్ జోకులకు లోటు లేదు. ఉద్యమం మాత్రం టీ చల్లారే లోపే ముగిసింది. ఎందుకంటే ఫ్రీ ఫైర్ మ్యాక్స్ అలాగే ఉంది, పాత ఖాతాతోనే అందులోకి పోవచ్చు. మనుబోలు హైవే పక్కన ఈ మధ్య విన్న మాటల్లో ఆట మీద కోపం అసలు రూపం కనబడుతుంది:

“రేయ్, నాక్ అయినా. రివైవ్ ఇయ్యండిరా!”

“జోను వస్తుండాది. యాడుండావు?”

“బడి వెనకాల. నువ్వు కదల్లేదేందిరా?”

“నేను పరిగెత్తతానే ఉండా. పింగే కదల్లా.”

నలుగురూ పగలబడి నవ్వారు. ఆ తర్వాత వచ్చిన ఫిర్యాదులు మాత్రం నవ్వులాటవి కావు. ఆటలో వాడే డైమండ్లకు డబ్బు కట్టయింది, డైమండ్లు రాలేదు. దొంగ హ్యాక్ వాడినవాణ్ణి రిపోర్టు చేస్తే జవాబు లేదు. ఖాతా పోతే ఎవరికి చెప్పాలో తెలియదు. వీళ్ళలో చాలామంది ఊరికే ఆడేవాళ్ళు. పైసా ఇవ్వనివాడి అలకను కంపెనీ ఎందుకు లెక్కచేస్తుంది? 2018లో బ్లిజార్డ్ ఒక ఆటను ఫోన్లకు తెస్తామంటే, అమెరికా ఆటగాళ్ళు ఇది ఏప్రిల్ ఒకటో తేదీ జోకా అని నిలదీశారు. మీ దగ్గర ఫోన్లు లేవా అన్న కంపెనీ ప్రతినిధి ప్రశ్న ప్రపంచమంతా నవ్వులపాలైంది. ఇక్కడ ఆ ప్రశ్నలో జోకు లేదు. ఉన్నది ఫోనొక్కటే. దాన్ని వదిలి వేరేచోటికి పోతానని బెదిరించే వీలు కూడా లేదు.

నెల్లూరు ఆడవాళ్ళు, ట్రాయ్ ఈమెయిళ్ళు

బలం ఉంటే వెక్కిరింత ఎంత దూరం పోతుందో ఈ జిల్లాకు వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు. 1992లో దూబగుంటలో రోశమ్మ, తోటి ఆడవాళ్ళు సారా మీద లేచారు. అక్షర దీపం వయోజన చదువుల్లో సీతమ్మ కథ పాఠం వాళ్ళను కదిలించింది. తాగొచ్చినవాళ్ళకు ఊళ్ళలో గుండ్లు కొట్టించారు, గాడిదల మీద ఊరేగించారు. జనం నవ్వారు, తాగినవాడు తలదించుకున్నాడు. అయితే ప్రభుత్వాన్ని కదిలించింది గాడిద కాదు. ఆ ఆడవాళ్ళు సారా వేలంపాటలు జరగనివ్వలేదు, ఖజానాకు వచ్చే డబ్బు ఆగింది. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో, అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది.

ఇంటర్నెట్ తరంలో దీనికి జోడు 2015 నాటి నెట్ న్యూట్రాలిటీ పోరాటం, అంటే ఇంటర్నెట్‌లో సైట్లన్నీ అందరికీ ఒకేలా అందాలన్న పోరాటం. ఏఐబీ హాస్య బృందం ఒక వీడియోలో టెలికాం కంపెనీలను చీల్చి చెండాడింది. దాన్ని చూసి నవ్వినవాడికి ఆ వెంటనే చేయడానికి ఒక పని దొరికింది: టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్‌కి ఈమెయిల్ పంపడం. పదిలక్షలకు పైగా మెయిళ్ళు వెళ్ళాయి. చర్చాపత్రం మీద ప్రజాభిప్రాయం అడిగింది ట్రాయే కాబట్టి, పక్కన పడేయడానికి వీల్లేకపోయింది. 2016 ఫిబ్రవరిలో, సైటును బట్టి వేరువేరు ధరలు కుదరవని ట్రాయ్ ఆదేశమిచ్చింది.

2025 ఆగస్టులో ఆన్‌లైన్ గేమింగ్ చట్టం వచ్చినప్పుడు అలాంటి సందు దొరకలేదు. 20న లోక్‌సభ, 21న రాజ్యసభ, 22న రాష్ట్రపతి సంతకం. జోకు తయారయ్యేలోపు చట్టం తయారైంది. చట్టం మంచిదే కావచ్చు. డబ్బు పెట్టి ఆడే ఆటలను అది పూర్తిగా ఆపింది, ఆడించేవాళ్ళకు మూడేళ్ళ దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా పెట్టింది. 2020 నాటి ఆంధ్రప్రదేశ్ ఆర్డినెన్స్‌లా ఆడినవాడికి ఆరునెలల జైలు అనలేదు, ఈ-స్పోర్ట్స్‌ను విడిగా గుర్తించింది. రమ్మీ అప్పుల్లో కూరుకుపోయిన ఇళ్ళను చూసినవాళ్ళు ఆ నిషేధం మీద వేళాకోళం ఆడలేదు, అది సబబే. ప్రతి నిషేధమూ నవ్వుకు సరుకు కాదు.

తీర్పు

ఇన్ని కేసులు చూశాక, ఉత్తుత్తి ఉద్యమాన్ని తోసిపుచ్చడం తప్పు. దాన్నే ఉద్యమం అనుకోవడం ఇంకా పెద్ద తప్పు. అది నెగ్గడానికి మూడు కావాలి. గురి సరైనవాడి మీద ఉండాలి, స్నాప్‌డీల్ మీద కాదు. నవ్వినవాడు ఆ వెంటనే చేయదగిన చిన్న పని ఒకటుండాలి. ఎదుటివాడికి కావలసినదేదో మన చేతిలో ఉండాలి: డబ్బో, హాజరో, జవాబు చెప్పక తప్పని చట్టమో. తతిమ్మా ఆటగాళ్ళ ఆట చెడగొట్టడం, ఎవరినో వ్యక్తిగా వేధించడం మొదలైతే, ఆ మూడూ ఉన్నా పరువు మిగలదు.

మొదటి రెండూ మన కుర్రాళ్ళు నేర్చుకోగలరు. మూడోది లేదనుకుంటున్నారు గానీ, కొంత ఉంది. 2021 ఐటీ నియమాల ప్రకారం యాప్ స్టోర్లు, సోషల్ మీడియా లాంటి మధ్యవర్తి సంస్థలు ఫిర్యాదు అందినట్టు ఒక్కరోజులో చెప్పాలి, నిర్ణీత గడువులో తేల్చాలి. కట్టిన డబ్బుకు సరుకు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు తెలుగులోనే ఫోన్ చేయొచ్చు. 2025 చట్టం ఆన్‌లైన్ గేమింగ్‌కు ఒక ప్రాధికార సంస్థ ఉండాలంది. అర్జీ పెట్టుకోవడానికి అదీ ఒక చిరునామా. ఒక్కడి డైమండ్ల ఫిర్యాదు గాలికి పోతుంది. ఒక్క మండలం నుంచే రెండు వందల ఫిర్యాదులు, తేదీలతో, రసీదు స్క్రీన్‌షాట్లతో వెళితే, వాటి పైన ఎంత వెటకారపు పోస్టరు అంటించినా అవతలివాడు చదవక తప్పదు. నవ్వించేవాడికి మన స్క్వాడ్లలో కొదవ లేదు. కూర్చుని ఫిర్యాదు రాసేవాడు జట్టుకొకడు కావాలి.